మూడో సాక్ష్యం నాది

పాస్టరు జక్రయ్య గారు ప్రార్థన మధ్యలో మళ్ళీ దగ్గారు. పాపం, ఆయన తప్పు లేదు. కోత పండుగ కదా, వేదిక ముందు పరిచిన పట్టాల మీదికి ఊళ్ళో సగం పంట వచ్చి కూర్చుంది. మిరపకాయలు నాలుగు బస్తాలు, పత్తి గోతాలు మూడు, కందులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన రెండు కోళ్ళు. మిరప బస్తాల మూతి ఎవరు విప్పారో గానీ ఫ్యాను గాలికి ఘాటంతా ఆడవాళ్ళ వైపే కొడుతోంది. కళ్ళు మూసుకున్న వాళ్ళంతా కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని తుమ్ములు ఆపుకుంటున్నారు. నేను కళ్ళు మూసుకోలేదు. అయిదేళ్ళుగా నేను కళ్ళు తెరుచుకునే ప్రార్థన చేస్తున్నాను, దేవుడేమీ అనుకున్నట్టు లేదు. వేదిక మీద కుర్చీలో ఒంగోలు నుంచి వచ్చిన కరస్పాండెంటు గారు కూర్చున్నారు, తెల్ల చొక్కా, తొడ మీద తోలు సంచీ. మా మిషన్ బడులన్నిటికీ ఆయనే అధికారి. ఆ సంచీలో నా అర్జీ ఉంది. మూడో తరగతి టీచరుగా నన్ను మళ్ళీ చేర్చుకోమని నేను రాసుకున్న అర్జీ, కింద ఆయన సంతకానికి వదిలిన ఖాళీ. రెండున్నరేళ్ళ నుంచి ఆ ఖాళీ ఖాళీగానే ఉంది. ప్రార్థన అయ్యాక పాట, పాట అయ్యాక సాక్ష్యాలు. మొదటిది యేసుపాదం బాబాయిది, రెండోది అంకయ్యది, మూడోది నాది. నేను లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటే మధ్యాహ్నం భోజనాలయ్యేలోపు సంతకం పడుతుందని పాస్టరు గారు మాటిచ్చారు. ఆ నాలుగు మాటలు ఏమిటో కూడా ఆయనే చెప్పారు.

నిన్న పొద్దున్న చర్చి వెనక గదిలో, కూజాలోంచి నీళ్ళు వంచుకుంటూ చెప్పారు. "అమ్మా రెబ్కా, మాత్రలు మానెయ్యమని నేననటంలా. వేసుకో. ఇంట్లో వేసుకో. ఇక్కడ ఆ మాట ఎందుకు? నలభై రోజుల ఉపవాస ప్రార్థనతో ప్రభువు నిన్ను బాగుచేశాడను. అందులో అబద్ధమేముంది?" ఆయన కళ్ళల్లో మోసం లేదు, అదే నాకు కష్టం. మోసగాడైతే ఎదురుతిరగడం ఎంత తేలిక. నేను అన్నం ముట్టని రోజుల్లో ఆయన గంజి గిన్నె పట్టుకుని నా ఎదురుగా గచ్చు మీద కూర్చున్న మనిషి. నేను ఆ గంజి ఆయన మొహాన కొడితే, తువ్వాలుతో తుడుచుకుని మళ్ళీ గిన్నె నింపుకొచ్చిన మనిషి. ఆ మనిషి నన్ను ఇప్పుడు సగం మాట చెప్పమంటున్నాడు. మా ఆయన జయరావూ అంతే, రాత్రి పత్తి మిల్లు నుంచి వచ్చి తల నిండా దూదితో మంచం మీద కూర్చుని, "చెప్పేసి కూర్చోవే, దేవుడేమీ తప్పుపట్టడులే" అన్నాడు. దేవుడి సంగతి కాదయ్యా, అంకమ్మ అక్క సంగతి, అన్నాను. అతను తలలోంచి దూది ఏరుకుంటూ ఉండిపోయాడు.

అంకమ్మ అక్క నిన్న సాయంత్రం మా ఇంటికి వచ్చింది. ఆమె కూతురు సంతోషకుమారి నా దగ్గర మూడో తరగతి చదివింది. లెక్కల్లో దిట్ట, పలక నిండా లెక్కలు చేసి చివర పువ్వు వేసేది. ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. అయిదు నెలల నుంచి గోడల వైపు చూసి మాట్లాడుతోంది, స్నానం చేయదు, నూతిలో ఎవరో తనని పిలుస్తున్నారని పరిగెత్తుతోంది. నిన్న అంకమ్మ అక్క మా గడపలో కూర్చుని, "మన హెల్త్ సెంటర్లో నర్సమ్మ గుంటూరు తీసుకుపొమ్మంది. పాస్టరు గారు ఇక్కడే ఉంచి ప్రార్థన చేద్దామన్నారు. నాకేమీ తోచట్లేదు రెబ్కా. రేపు నువ్వు ఎట్టా బాగయ్యావో దేవుడి ముందర చెప్తావంటగా. నువ్వు ఏది చెప్తే అదే చేస్తాను" అంది. నేను అప్పుడే చెప్పాను, గుంటూరు తీసుకుపో అక్కా అని. ఆమె నా మొహంలోకి చూసి, "ఇక్కడ చెప్పటం కాదు. అక్కడ చెప్పు. అందరి ముందర చెప్తే మా ఆయనా, మా బావగారూ వింటారు" అంది. ఇప్పుడు వెనక చాప మీద కూర్చుని ఉంది, కూతురి చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని. పిల్ల పెదాలు కదులుతున్నాయి. పక్కవాళ్ళు పాట పాడుతోందనుకుంటారు. నాకు తెలుసు, అది ఎవరికో జవాబు చెబుతోంది.

పాట అయిపోయింది. యేసుపాదం బాబాయి లేచాడు, కొత్త పంచె, నూనె రాసిన తల. దేవునికి స్తోత్రం అన్నాడు, అందరూ అన్నారు. ఈ ఏడు తెల్లదోమ ఊళ్ళో పత్తినంతా నాశనం చేసినా తన మూడెకరాలూ దేవుడు కాపాడాడంట. "పన్నెండు సార్లు మందు కొట్టాను ప్రియులారా! గుంటూరు నుంచి కొత్త మందు తెప్పించి మరీ కొట్టాను. ప్రభువు ఆ మందులో బలం పెట్టాడు!" అన్నాడు. జనమంతా స్తోత్రం అన్నారు. కరస్పాండెంటు గారు కూడా తల ఊపారు. నేను ఆ మనిషిని చూస్తూ ఉండిపోయాను. పత్తికి మందు కొట్టానని వేదిక ముందు చెప్పుకోవచ్చు. డబ్బా పేరు కూడా చెప్పుకోవచ్చు. నీకు విశ్వాసం చాలక కొట్టావని యేసుపాదాన్ని ఎవరూ అడగరు. నా మందు సంగతికి మాత్రం ఇంట్లో తలుపులు వేసుకోవాలి. దోమ ఆకుకి పడితే మందు, మనిషి బుర్రకి పడితే నోరు మూసుకోవడం. నవ్వొచ్చింది. బయటికి నవ్వలేదు, నేను నవ్వితే జనం వేరేగా చూస్తారు. మామూలు మనిషి నవ్వు నవ్వుగానే ఉంటుంది, నాలాంటిదాని నవ్వుకి వందమంది అర్థం చెబుతారు.

ఈ ఘాటు ఒకటి. ముక్కులోంచి నేరుగా ఎనభై ఒకటో సంవత్సరం ఎండాకాలంలోకి తీసుకుపోతుంది. బడి సెలవులు, మా అత్తగారికి తోడుగా కల్లంలో మిరపకాయలకి తొడిమలు తీయడానికి వెళ్ళేదాన్ని. నలభై మంది ఆడవాళ్ళం, తలకి గుడ్డలు, చేతులు మంటలు, నోళ్ళు మాత్రం ఆగవు. ఎవరి మొగుడు తాగాడు, ఎవరి కోడలు పుట్టింటికి పోయింది, అన్నీ అక్కడే. ఒక రోజు పని అయ్యాక ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుంటే, ఆ మాటలు ఇంకా వినపడుతూనే ఉన్నాయి. మొదట్లో చెవుల్లో ఉండిపోయాయనుకున్నాను, రోజంతా మగ్గం నేసినవాళ్ళకి పడుకున్నాక కూడా చప్పుడు వినపడుతుందంటారు కదా, అలాగే అనుకున్నాను. తర్వాత ఆ మాటల్లో నా పేరు వచ్చింది. చూడండే, రెబ్కా బియ్యం కడుగుతోంది. చూడండే, రెబ్కా నీళ్ళు ఒలకబోసింది. ఇద్దరు ఆడవాళ్ళు, ఒక మగ మనిషి. ఆ మగ గొంతు బడిలో హాజరు పిలిచినట్టు నన్ను ఇంటిపేరుతో పిలిచేది. బడి తెరిచేసరికి వాళ్ళు ముగ్గురూ నాతో పాటు క్లాసులోకి వచ్చేశారు. సుద్దముక్కల్లో విషం ఉందన్నారు. నమ్మాను. మీరైనా నమ్ముతారు, మీ చెవిలో మీకు మాత్రమే తెలిసిన సంగతులన్నీ తెలిసినవాడు చెబితే. సుద్దముక్కల డబ్బా తీసుకెళ్ళి నూతిలో పారేసి, పిల్లల్ని వరసగా నిలబెట్టి వాళ్ళ చేతులు నీళ్ళతో రుద్దీ రుద్దీ కడిగాను. ఒక పిల్ల చెయ్యి చర్మం లేచి నెత్తురొచ్చింది. ఆ పిల్ల ఏడుపు నాకు ఇప్పటికీ వినపడుతుంది. అది గొంతు కాదు, జ్ఞాపకం. రెండింటికీ తేడా తెలుసుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది.

నలభై రోజుల ప్రార్థన ఆ తర్వాతే. ఇదే చర్చిలో, ఈ కుడివైపు స్తంభం దగ్గరే చాప. నేను పరిగెత్తకుండా నడుముకి చీర ముడివేసి స్తంభానికి కట్టారు. మంచికే. కట్టినవాళ్ళు కట్టి ఏడ్చారు. నా మీద చేతులుంచి ఎంతమంది ప్రార్థించారో, వాళ్ళ అరచేతుల వేడి నాకు గుర్తుంది, ఆ వేడి అబద్ధం కాదు. కానీ ఆ చేతుల కిందే ఆ ముగ్గురూ, చూడండే, రెబ్కాకి దయ్యం వదిలిస్తున్నారంట, అని నవ్వుకునేవాళ్ళు. నలభయ్యో రోజుకి నేను ఎముకల గూడు. ఆ వారంలోనే పిల్లలకి టీకాలు వేయడానికి వచ్చిన నర్సు వెంకటరావమ్మ గారు స్తంభం దగ్గర నన్ను చూసి, టీకాల పెట్టె కింద పెట్టేసి జయరావుని గుమ్మంలోకి లాగింది. "ఇది గాలీ కాదు, దయ్యమూ కాదయ్యా. జబ్బు. మా సొంత అన్నకి ఇట్టాగే వచ్చింది. ప్రార్థన చేసుకోండి, ఎవరొద్దన్నారు, బస్సులో కూర్చుని చేసుకోండి" అంది. మర్నాడు పొద్దున్నే జయరావు నా చెయ్యి తన చేతికి తువ్వాలుతో ముడేసుకుని మొదటి బస్సు ఎక్కించాడు. గుంటూరు పెద్దాస్పత్రిలో ఆడవాళ్ళ వార్డు, పదకొండో మంచం. ఇంజెక్షన్లు, మాత్రలు, నిద్ర. పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం మెలకువ వచ్చి వెల్లకిలా పడుకుని పైకి చూస్తున్నాను. ఫ్యాను తిరుగుతోంది. కిరకిరమంటోంది. నేను వింటున్నాను, ఇంకా వింటున్నాను, అందులో మాటలు లేవు. ఉత్త ఫ్యాను. నా జీవితంలో అంత అందమైన చప్పుడు నేను వినలేదు. ఏడ్చాను. పక్క మంచం ఆమె నర్సుని పిలిచింది, ఈమెకి మళ్ళీ ఎక్కువైందని.

మందులు తేనెలాగా ఉంటాయని నేను చెప్పను. నాలుక మందం, నోరు ఎండిపోయి గొంతులో ఇసుక, చేతులు కొయ్యలు. కూర్చోలేను, నిలబడలేను, కాళ్ళలో చీమలు పాకినట్టు వరండా ఆ కొస నుంచి ఈ కొసకి తిరగడం. బోర్డు మీద అ రాస్తే వణికి వణికి పాములాగా వచ్చేది, పిల్లలు నవ్వేవాళ్ళు. ఆ వణుక్కి ఇంకో మాత్ర ఇచ్చారు. ఒళ్ళు వచ్చింది, నా రవికలన్నీ కుట్లు విప్పుకున్నాను. డాక్టరు గారు ఒక్కో మందు తగ్గించి, ఒకటి మార్చి, చివరికి నెలకొక ఇంజెక్షను, రాత్రికి రెండు మాత్రల దగ్గర నిలబెట్టారు. దానికి రెండేళ్ళు పట్టింది. అది కాక ఖుర్షిదా మేడమ్. ఆస్పత్రిలో ఆమె పని మాట్లాడటం. మెట్ల కింద చిన్న గది, రెండు కుర్చీలు, టీ గ్లాసు. ఆ గొంతులు ఏమంటాయని నన్ను మొదటిసారి అడిగిన మనిషి ఆమే. అంతకుముందు అందరూ వాటిని పొమ్మన్నవాళ్ళే, అవి ఏమంటున్నాయో ఎవరికీ అక్కర్లేదు. "మీరు టీచరు కదా, వాటికి పరీక్ష పెట్టండి" అంది ఆమె. ఒక నోటు పుస్తకం కొనిపించింది. ఎడమ పక్క గొంతు చెప్పింది రాయాలి, కుడి పక్క నిజంగా జరిగింది రాయాలి. ఈరోజు బడి గోడ కూలుతుంది: కూలలేదు. జయరావు అన్నంలో ఏదో కలిపాడు: అదే కుండలోది తనూ తిన్నాడు, ఏమీ కాలేదు. నెల తిరిగేసరికి ఎర్ర సిరా పెన్ను తీసుకుని మార్కులు వేశాను. నూటికి సున్నా. నా సర్వీసులో అంత మొద్దు పిల్లవాణ్ణి నేను చూడలేదు, వీడి మాటా నేను విన్నది, వీడికా భయపడింది అని మెట్ల కింద గదిలో నేనూ ఖుర్షిదా మేడమూ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం.

అంకయ్య లేచాడు. మార్టూరు క్వారీలో పనిచేస్తాడు, మాట్లాడటం రాదు, టోపీ తిప్పుకుంటూ మొన్న బండ జారినప్పుడు తన కాలు తప్పించిన దేవుడికి వందనాలు చెప్పి ఆగిపోయాడు. క్వారీ పేరు వింటే నా మెడ వెనక చల్లబడుతుంది. ఎనభై మూడులో నేను బడికి పోతూ వస్తూ బాగానే ఉన్న రోజుల్లో, ఎవరో ప్రసంగీకుడు వచ్చి ఇదే వేదిక మీద, మందు సీసాని నమ్ముకున్నవాళ్ళు దేవుణ్ణి సగమే నమ్మినట్టు అని చెప్పి వెళ్ళాడు. చుట్టూ అందరూ నా వైపు చూశారు. ఇంటికెళ్ళి మాత్రలన్నీ పొయ్యిలో వేశాను. ఇంజెక్షనుకి వెళ్ళలేదు. నాలుగు వారాలు ఏమీ కాలేదు, ఎంత తేలిగ్గా ఉందో ఒళ్ళు. చూశారా అన్నారు అందరూ. అయిదో వారం నిద్ర పోయింది. ఏడో వారం ఆ మగ గొంతు వచ్చింది, ఎక్కడికీ పోనట్టే. క్వారీలో బండకి తలుపు ఉంది, తెరిచి ఉంచారు, రమ్మంటున్నారు అంది. మిట్టమధ్యాహ్నం నడుచుకుంటూ వెళ్ళాను. పేలుళ్ళ వేళ, ఈలలు వేస్తున్నారు, ఎర్రజెండాలు పట్టుకుని దారి ఆపారు. నేను జెండా కింద నుంచి దూరి పోయాను. జెండా పట్టుకున్న బుడాన్ అనే మనిషి నా వెనక పరిగెత్తి, జడ పట్టుకుని వెనక్కి లాగి, నన్ను గుంటలోకి తోసి నా మీద పడ్డాడు. తర్వాత ఆకాశం విరిగిపోయింది. ఒక రాయి వచ్చి అతని ఎడమ భుజం మీద పడింది. ఆ భుజం ఈరోజుకీ కిందికి జారే ఉంటుంది. నన్ను బడి మాన్పించింది కూడా అప్పుడే. సంతలో కనపడితే ఎంతమంది ఉన్నా సరే, "ఏమమ్మా టీచరమ్మా, మాత్రలేసుకున్నావా?" అని అరుస్తాడు. మొదట్లో సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు నేనూ అరుస్తాను, వేసుకున్నాను బుడానూ అని.

అంకయ్య కూర్చున్నాడు. పాస్టరు గారు లేచి, మన సహోదరి రెబ్కా, ప్రభువు చేసిన అద్భుతం, అంటున్నారు. ఈ మంగళవారం నాకు ఇంజెక్షను వేయించుకోవాల్సిన రోజు. నెల చివరి రోజుల్లో మందు పల్చబడుతుంది, అలసిపోతే, గుండె దడదడలాడితే ఆ మగ గొంతువాడు వస్తాడు. వచ్చాడు. మూడిళ్ళ అవతల రేడియో పెట్టినట్టు, సన్నగా. లేవకు రెబ్కా. నవ్వుతారు. లేవకు. ఇలాంటప్పుడు నోట్లో నోట్లో ఎక్కాలు చదువుకోమని కూడా ఖుర్షిదా మేడమే చెప్పింది, నాలుక పనిలో ఉంటే వాడికి చోటు దొరకదని. రెండో ఎక్కం లాంటివి పనికిరావు, బుర్ర ఖాళీగా ఉండి అటు చెవి పెడుతుంది. పదమూడు మొదలుపెట్టాను. పదమూడు రెళ్ళు ఇరవయ్యారు, పదమూడు మూళ్ళు ముప్ఫైతొమ్మిది, లేవకు, పదమూడు నాలుగులు యాభైరెండు, నవ్వుతారు, పదమూడు అయిదులు అరవయ్యైదు. పక్కనున్న ఆడవాళ్ళు నా పెదాలు చూస్తున్నారు. చూడనీ. మీరు కీర్తనలు పాడుకుంటే భక్తి, నేను ఎక్కాలు చదువుకుంటే పిచ్చి, కానీండి. పదమూడు ఆర్లు డెబ్భై ఎనిమిది దగ్గర లేచి నిలబడ్డాను. మోకాళ్ళు వణికాయి. అది మందు వల్ల కాదు, భయం వల్ల. ఆ తేడా కూడా ఇప్పుడు నాకు తెలుసు.

"నా పేరు రెబ్కా. మీ అందరికీ తెలుసు. నాకొచ్చిన జబ్బు పేరు స్కిజోఫ్రీనియా. అది మీకు తెలీదు, నాకూ తెలీదు, ఆస్పత్రిలో చెప్పారు" అన్నాను. కరస్పాండెంటు గారు తల ఎత్తారు. "నా కోసం మీరు నలభై రోజులు ఉపవాసం ఉన్నారు. పాస్టరు గారు నా ఎదురుగా కూర్చుని ఏడ్చారు. నేను చచ్చేదాకా మర్చిపోను. దానికి దేవుడికి వందనాలు." స్తోత్రం అన్నారు. పాస్టరు గారి మొహం విప్పారింది. అక్కడ కూర్చుంటే అయిపోయేది. సంతకం ఉంది, అన్నం ఉంది, నా క్లాసు ఉంది, ఇంటికెళ్ళే దారిలో నలుగురి మెప్పు ఉంది. వెనక చాప మీద అంకమ్మ అక్క మెడ చాచి చూస్తోంది. "కానీ ఆ నలభై రోజుల్లో నా చెవుల్లో గొంతులు ఒక్క పూట కూడా ఆగలేదు. ఆగింది గుంటూరు ఆస్పత్రిలో, మందులతో. నిన్న రాత్రి కూడా రెండు మాత్రలు వేసుకున్నాను. మంగళవారం ఇంజెక్షను వేయించుకుంటాను. వచ్చే నెలా వేయించుకుంటాను. ఒకసారి మానేశాను, మానేస్తే ఏమైందో బుడాన్ భుజాన్ని అడగండి."

గుసగుస మొదలైంది, చాపల మీద గాలి పాకినట్టు. పాస్టరు గారు చెయ్యి ఎత్తి, "దేవునికి స్తోత్రం, ఇక కూర్చో తల్లీ" అన్నారు. హార్మోనియం అతనికి సైగ చేశారు. పాట మొదలైంది, పదిమంది అందుకున్నారు. నన్ను పాటతో ఆపుదామనే! రెండు తరగతులు ఒకే రేకుల షెడ్డులో, డెబ్భై మంది పిల్లలు, పైన వాన, అక్కడ పాఠం చెప్పిన గొంతు నాది. నా తల లోపల ముగ్గురు ఒకేసారి అరుస్తుంటే హాజరు పిలిచిన దాన్ని. ఒక్క హార్మోనియం నన్నేం చేస్తుంది. "ఎవరింట్లో పిల్లయినా గోడతో మాట్లాడుతుంటే, నూతిలోంచి పిలుస్తున్నారంటుంటే, స్తంభానికి కట్టొద్దు! గుంటూరు తీసుకెళ్ళండి! ప్రార్థన చేసుకోండి, మందు కూడా వేయించండి! పత్తికి పన్నెండు సార్లు కొట్టారు, పిల్లకి ఒక్కసారి వేయించలేరా!" అన్నాను. పాట తడబడింది. యేసుపాదం బాబాయి లేచి, "పాపం, పిచ్చి ఇంకా పోలా" అన్నాడు, పక్కవాడితో అన్నట్టు అందరికీ వినపడేలా. నవ్వారు. నా చెవిలో వాడు చెప్పింది నిజమైంది, ఒక్కసారికి, నవ్వారు. అయితే ఏం. నవ్వితే పైకప్పు పడలేదు. "పోలేదు బాబాయ్" అన్నాను. "పోదంట. ఉంటుంది. నేను దాన్ని చూసుకుంటున్నాను. రోజూ చూసుకుంటున్నాను, నీ పొలం నువ్వు చూసుకున్నట్టే." ఆయన కూర్చున్నాడు. నేను ఇంకొక్క క్షణం నిలబడి, నా అంతట నేనే కూర్చున్నాను.

ప్రసంగం నాకు ఒక్క ముక్క వినపడలేదు. తలలో ఎవరో మాట్లాడినందుకు కాదు, రక్తం చెవుల్లో కొట్టుకుంటున్నందుకు. అయిపోయాక కరస్పాండెంటు గారు మెట్ల దగ్గర నా కోసం ఆగారు. పాస్టరు గారు పక్కనే నేల చూస్తూ నిలబడ్డారు. "అమ్మా, ఇంకా మందుల మీదే ఉన్నావన్నమాట. పసిపిల్లల మధ్య..." అన్నారు ఆయన. "ఒక పిల్ల చెయ్యి నా వల్ల చెడిందండి. అది మందు లేనప్పుడు. మందు మీద ఉన్నప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు. డాక్టరు గారు రాసిచ్చిన సర్టిఫికెట్టు ఇదిగో. ఒక రోజు నాకు క్లాసు ఇప్పించండి, మీరు వచ్చి వెనక బల్ల మీద కూర్చోండి. తర్వాత మీరు రాయాల్సింది రాయండి" అన్నాను. ఆయన కాగితం రెండుసార్లు చదివి, మడిచి సంచీలో పెట్టుకున్నారు. కమిటీలో పెడతానన్నారు. కారు ఎక్కారు. సంతకం పడలేదు. పాస్టరు గారు నన్ను చూడకుండానే, "నా నలభై రోజులకి విలువ లేకుండా చేశావమ్మా" అన్నారు, మెల్లిగా. ఆ మాట మాత్రం లోపలికి దిగింది. "మీరు తినిపించకపోతే బస్సు ఎక్కేదాకా బతికేదాన్ని కాదండి" అన్నాను. ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

జయరావు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, మొహం గంటు పెట్టుకుని. "పోయింది ఉద్యోగం" అన్నాడు. "కమిటీ కాదంటే జిల్లా ఆఫీసుంది, అక్కడికి పోతాను" అన్నాను. అతను నా వైపు చూసి ఏదో అనబోయి, నా వెనక్కి చూసి పక్కకి జరిగాడు. అంకమ్మ అక్క. మొగుడూ, బావగారూ నాలుగడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు, పైకి విననట్టున్నా, వింటూ.

"ఏ వారం పోవాలి రెబ్కా?" అంది ఆమె.

"గురువారం కొత్తవాళ్ళని చూస్తారక్కా. ఆరింటి బస్సుకి పోతే చీటీ దొరుకుతుంది."

"ఎవరినడగాలో, ఎటు పోవాలో మాకేం తెలుసు."

"నేనొస్తాను."

"నాకు మిల్లులో సెలవు ఇవ్వరు గురువారం" అన్నాడు జయరావు వెనక నుంచి.

"నువ్వు రానక్కర్లేదు. నేను తీసుకెళ్తాను" అన్నాను. అయిదేళ్ళలో నన్ను ఒకరు తీసుకెళ్ళడమే గానీ నేను ఒకరిని తీసుకెళ్ళడం ఇదే మొదలు. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ నాకే తెలియలేదు.

సంతోషకుమారి అప్పటిదాకా తల్లి భుజం వెనక ఉంది. జుట్టు అట్టలు కట్టి, కళ్ళు నా మొహం మీద కాకుండా నా చెవి పక్కన ఎక్కడో నిలిపి. నెమ్మదిగా ఒక అడుగు ముందుకి వేసింది. నెలల తర్వాత ఆ పిల్ల గోడని కాకుండా మనిషిని ఉద్దేశించి మాట్లాడటం అదేనని అంకమ్మ అక్క తర్వాత చెప్పింది.

"టీచరమ్మా, నిన్నూ పేరు పెట్టి పిలుస్తారా?"

"పిలుస్తారు. ఇందాక చర్చిలో కూడా పిలిచారు."

"మరి నువ్వేం చేస్తావు?"

"పిలవనీ" అన్నాను. "నాకు పనుంది. పలకను."